1863 నాటి దుకాణం బిళ్ళ దాచుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. అక్కడి సంతలో 1863 నాటి రాగి బిళ్ళ కొన్నాడు. అచ్చం సెంటు నాణెంలా ఉంది కానీ సర్కారు వేసింది కాదట. దొంగ నాణెం అంటూ కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: భయపడకండి. అది అంతర్యుద్ధ కాలంలో వ్యాపారులు చిల్లర బదులు ఇచ్చిన టోకెన్. 1862లో యుద్ధ భయంతో జనం బంగారం, వెండే కాదు, సెంట్లు కూడా దాచేశారు. తపాలా బిళ్ళలు చిల్లరగా చేతులు మారాయి. చెమటకు అవి ఒకదానికొకటి అంటుకుపోయేవి. ఇక దుకాణదారులే రాగి బిళ్ళలు వేయించుకున్నారు.

భూతద్దం పెట్టి చూడమనండి. కొన్నిటి మీద ‘వన్ సెంట్’ అని పెద్దగా, దాని పైన చీమ తలకాయంత ‘నాట్’ అని ఉంటుంది. అంటే ‘ఒక సెంటు కాదు’ అని. దొంగ నాణెం నేరం తగలకుండా పడ్డ జాగ్రత్త అది. నాకైతే ఆ చిన్న మాట చూస్తే ఒళ్ళు మండుతుంది. కూలి డబ్బుగా అది చేతిలో పడ్డ మనిషికి ఆ ‘నాట్’ ఎక్కడ కనపడుతుంది?

న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే బీరు దుకాణదారు పది లక్షలకు పైగా వేయించాడు. వాటిని టికెట్ డబ్బుగా పుచ్చుకున్న థర్డ్ అవెన్యూ రైల్‌రోడ్ సంస్థ మార్చి ఇమ్మంటే కుదరదన్నాడు. చట్టంలో దారి లేక సంస్థే నష్టపోయిందని చెబుతారు.

అమెరికా కాంగ్రెస్ 1864 ఏప్రిల్ 22న ఒకటి, రెండు సెంట్ల ప్రైవేటు నాణేలను, జూన్ 8న మిగతా ప్రైవేటు లోహ నాణేలన్నిటినీ నిషేధించింది. ఇప్పుడది ఫెడరల్ నేరాల చట్టంలో 486వ సెక్షన్. డబ్బుగా వాడాలని నాణెం చేసినా, చలామణీ చేసినా ఐదేళ్ళ దాకా జైలు. దాచుకోవడాన్ని ఆ సెక్షన్ నేరమనలేదు. కాబట్టి మీ అబ్బాయి నిశ్చింతగా ఉంచుకోవచ్చు. సెంటే కదా అని సరదాకైనా ఏ కొట్లోనూ ఇవ్వకూడదు, అంతే.

ఇంకొక మాట. పండక్కి వచ్చేటప్పుడు చూపిద్దామని ఇక్కడికి తేవద్దనండి. మన 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు నిండిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది, అలాంటివాటిని సొంతంగా దేశం దాటించనివ్వదు. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటాడు. కొన్న రసీదు జాగ్రత్త చేసుకుని, మీకు ఫొటో పంపమనండి.