మందులు వచ్చాక మనుషుల్లో ప్రకృతి వరణం ఆగిపోయిందా?

"ఇప్పుడు మందులతో, ఆపరేషన్లతో అందరూ బతికేస్తున్నారు, ఇక ప్రకృతి వరణం మనుషుల మీద పనిచేయదా?" అని అడిగారు. ప్రకృతి వరణం అంటే బతకడానికీ పిల్లల్ని కనడానికీ పనికొచ్చే లక్షణాలు తరతరానికీ జనంలో పెరగడం, పనికిరానివి తగ్గడం. అది ఇప్పటికీ పనిచేస్తుంది, కాకపోతే దాని లెక్కలు మారిపోయాయి. పాడేరు వైపు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి కాబట్టి అక్కడ బాగా తెలిసిన సికిల్ సెల్ సంగతే చెబుతాను.

హీమోగ్లోబిన్ జన్యువులో ఒక చిన్న మార్పు వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ మార్పు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. పిల్లలు నొప్పులతో మెలికలు తిరిగిపోతారు. ఒకరి నుంచే వస్తే ఆ మనిషిని క్యారియర్ అంటారు. అతను దాదాపు మామూలుగానే ఉంటాడు, పైగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాను బాగా తట్టుకుంటాడు. ఆంథోనీ అలిసన్ అనే శాస్త్రవేత్త 1954లో ఆఫ్రికాలో చూపించింది ఇదే. దోమలున్న అడవుల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే.

దోమతెరలు, మందు పిచికారీ, నిమిషాల్లో ఫలితం తేల్చే కిట్లు వచ్చాయి. మలేరియా తగ్గినకొద్దీ క్యారియర్‌కు ఉన్న లాభం పోతుంది కాబట్టి జన్యువు కూడా తగ్గాలి. కానీ ఒకప్పుడు చిన్నతనంలోనే పోయే పిల్లలు ఇప్పుడు హైడ్రాక్సీయూరియా అనే మందు వాడుతూ, అవసరమైతే రక్తం ఎక్కించుకుంటూ పెద్దవాళ్లవుతున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. అంటే లాభంతో పాటు నష్టమూ తగ్గుతోంది.

అసలు మెలిక పెళ్లిళ్ల దగ్గరుంది. కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 7 కోట్ల మందికి పరీక్ష చేసి, ఆ జన్యువు ఉందో లేదో తెలిపే కార్డులివ్వాలని లక్ష్యం. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఇద్దరికీ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. "నాకేం నొప్పి లేదు కదా బాబూ, నాకెందుకీ కార్డు?" అనేవాళ్లకు ఇది అర్థం చేయించడానికే నాకు ఎక్కువ సమయం పట్టేది. కూతురి కార్డు ఎవరి కంటా పడకుండా దాచే తల్లుల బాధ వేరు.

కార్డులు చూసుకుని సంబంధాలు కుదుర్చుకుంటే జబ్బుతో పుట్టే పిల్లలు తగ్గుతారు. చాలా మంచి పని. కానీ జన్యువు మాత్రం పోదు. చేదు నిజం ఏంటంటే, ఇన్నాళ్లూ దాన్ని జనంలోంచి తీసేస్తూ వచ్చింది ఆ పిల్లల చావులే. అవి ఆగాక క్యారియర్ల ద్వారా అది నిశ్శబ్దంగా కింది తరాలకు దిగుతూనే ఉంటుంది. కాబట్టి "నిర్మూలన" అన్న మాట జబ్బుకు సరిపోతుంది గానీ జన్యువుకు సరిపోదు.

ఇంకొకటి, బతికిబట్టకట్టడమే కాదు, ఎవరికి ఎంతమంది పిల్లలన్నది కూడా వరణమే. పిల్లల మరణాలు తగ్గేకొద్దీ ఈ తేడాకే బరువెక్కువ. ఇవన్నీ కలిసి జన్యువుల్లో పెద్ద మార్పు తేవాలంటే మాత్రం ఎన్నో తరాలు పడుతుంది. ఈలోగా మందులకు లొంగని మలేరియా గనక పెరిగిందా, క్యారియర్ల లాభం మళ్లీ మొదటికొస్తుంది.