చెరువు కట్ట కింద నీళ్లు ఊరుతుంటే గండి పడుతుందా?

నల్గొండ దగ్గర మీ ఊరి చెరువు కట్ట వెనక నీళ్లు ఊరుతున్నాయని, టెన్షన్‌గా ఉందని రాశారు. మట్టికట్టలో కొంత ఊట మామూలే. చూడాల్సింది రంగు. తేటగా, రోజూ ఒకే తీరుగా వస్తే గమనిస్తూ ఉండండి. బురదగా వస్తే మాత్రం లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. ఆ దారి చెరువు వైపు తొలుచుకుంటూ పోయి బుంగ పడుతుంది, తర్వాత గండికి కొన్ని గంటలు చాలు.

ఊటను మట్టితో మూసేయకండి, ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందు ఇసుక, దానిపై కంకర వేస్తే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. తూము తెరిచి నీటిమట్టం తగ్గించండి, ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) వెంటనే చెప్పండి. నాగార్జునసాగర్ లాంటి రాతి డ్యాంలోనూ గ్యాలరీల్లో, అంటే డ్యాం లోపలి సొరంగాల్లాంటి నడవల్లో, ఊటను కొలుస్తూనే ఉంటారు.

కట్ట మీద తుమ్మచెట్లు ఉన్నాయా? వాటి వేర్లు కుళ్లితే నీటికి దారులవుతాయి.