క్యాలిక్యులేటర్ రాస్తున్న శిరీషకు

చి. శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సి ప్రోగ్రాం చదివాను. సంఖ్యలూ, కూడిక తీసివేత గుర్తులూ అన్నీ ఒకే ఇంట్ అరేలోకి, అంటే పూర్ణాంకాల వరసలోకి, తోసేశావు. కంపైలర్ ఏమీ అనదు, సిలో క్యారెక్టర్ కూడా లోపల సంఖ్యే కదా. అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో '+' అంటే 43. ఎవరైనా 43 అని టైపు చేస్తే నీ ప్రోగ్రాం దాన్ని కూడిక అనుకుంటుంది. 42 కొడితే గుణకారం, 45 కొడితే తీసివేత, 47 కొడితే భాగహారం. మిగతా సంఖ్యలకి బాగానే నడుస్తుంది కాబట్టి ఇది ఇంటి దగ్గర బయటపడదు, ల్యాబ్‌లో మేడమ్ ముందే పడుతుంది.

రెండు రకాలూ ఒకే స్టాక్‌లో (చివర పెట్టింది ముందు బయటికొచ్చే దొంతరలో) ఉండి తీరాలంటే ప్రతి విలువకీ ఒక ట్యాగ్ ఉండాలి. కొన్ని విలువల్ని ఒక మూటగా కట్టే స్ట్రక్ట్ ఒకటి రాయి. అందులో ఇది సంఖ్యా, గుర్తా అని చెప్పే ఈనమ్ ఒకటి, డబుల్‌నీ (దశాంశ సంఖ్య), క్యార్‌నీ (ఒక అక్షరం) కలిపిన యూనియన్ ఒకటి. యూనియన్‌లో ఆ రెండూ ఒకే చోటు వాడుకుంటాయి, అందుకని ఈనమ్ చూడకుండా లోపలి విలువ జోలికి పోకు. వాయిడ్ పాయింటర్లు, అంటే ఏ రకం విలువ అడ్రస్‌నైనా దాచేవి, పెట్టమని ఎవరైనా అంటే వినకు. ఫంక్షన్ లోపలి వేరియబుల్ అడ్రస్‌ని దాచుకుని బయటికొస్తే, ఆ అడ్రస్‌లో తర్వాత ఏముంటుందో చెప్పలేం.

అయినా నీ లెక్కకి ఇంత హంగామా ఎందుకమ్మా? రెండు స్టాకులు పెట్టుకో. సంఖ్యలకి డబుల్ అరే, గుర్తులకి క్యార్ అరే. పూర్ణాంకాలకి వేరే ఏర్పాటు కూడా అక్కర్లేదు, మామూలు లెక్కల్లో వచ్చేవాటిని డబుల్ తేడా లేకుండా దాస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో రాసిన, లెక్కలోని గుర్తుల్ని ప్రాధాన్యం ప్రకారం సర్దే షంటింగ్ యార్డ్ పద్ధతిలోనూ గుర్తులు మాత్రమే స్టాక్‌లో ఆగుతాయి. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 జేబు క్యాలిక్యులేటర్‌ది ఇంకో దారి. దాని స్టాక్‌లో నాలుగే గదులు, వాటిలో సంఖ్యలు తప్ప గుర్తులకి చోటే లేదు!

కొత్త గుర్తు రాగానే స్టాక్ పైనున్న గుర్తు వైపు చూడు. పైనున్నదానికి ఎక్కువ ప్రాధాన్యం ఉన్నా, సమానంగా ఉన్నా ముందు దాని లెక్క తేల్చి, మళ్లీ పైకి వచ్చినదాన్నీ అలాగే చూసి, ఆ తర్వాతే కొత్తదాన్ని పెట్టు. 'సమానంగా ఉన్నా' అన్నది మర్చిపోతే 8 - 3 - 2 కి 3 బదులు 7 వస్తుంది. పైన ఉన్నది ఎడమ బ్రాకెట్ అయితే మాత్రం దాన్ని కదపకు, కుడి బ్రాకెట్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

పాప్ చేసినప్పుడు, అంటే స్టాక్ పైనుంచి తీసినప్పుడు, మొదట బయటికొచ్చేది కుడివైపు సంఖ్య. కూడికలో తేడా తెలీదు, భాగహారంలో కొంప మునుగుతుంది. ఇక 3 * -2 లాంటివి. మొదట్లో గానీ, ఎడమ బ్రాకెట్ తర్వాత గానీ, ఇంకో గుర్తు తర్వాత గానీ వచ్చిన మైనస్ తీసివేత కాదు, దానికి '~' లాంటి వేరే అక్షరం వాడుకో, దాన్ని పెట్టే ముందు మాత్రం పైనున్న గుర్తు లెక్క తేల్చకు. దాని లెక్క తేల్చేటప్పుడు ఒక్క సంఖ్యనే పాప్ చెయ్యి.

ఇవి మార్చాక 43 + 42, 8 - 3 - 2, 3 * -2, ఉత్త '5 +' వేసి చూడు. చివరిదానికి ప్రోగ్రాం ఆగిపోకుండా తప్పు చూపించాలి, అంటే ప్రతి పాప్‌కి ముందు స్టాక్ ఖాళీగా ఉందేమో చూసుకోవాలి. అన్నీ సరిగ్గా వస్తే బ్రాకెట్లున్న లెక్కలు నేను పంపిస్తాను.

మీ పెదనాన్న