క్రెడిట్ కార్డు లిమిట్ మీ డబ్బు కాదు: టెలిస్కోప్‌కి పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం చేతికి 68,000 వస్తుంది. అద్దె, బండి ఈఎంఐ, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి 53,000 ఖర్చు. ఆకాశాన్ని ఫొటోలు తీయడమంటే పిచ్చి. కంప్యూటరైజ్డ్ మౌంట్‌తో (నక్షత్రాల కదలికను అనుసరించే స్టాండు) 8 అంగుళాల రిఫ్లెక్టర్ టెలిస్కోప్, కెమెరాతో కలిపి 2.8 లక్షలు అవుతోంది. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. లేదంటే మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టొచ్చు. ఖాతాలో 40,000 ఉన్నాయి, 3 లక్షల క్రెడిట్ కార్డు లిమిట్ ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదు. నాన్నకు షుగర్ ఉంది, కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు లేరు. ఏ దారి మంచిది?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం టెలిస్కోప్ కాదు, "లిమిట్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు" అన్న ఆ ఒక్క మాట. ఈమధ్య చాలామంది ఇలాగే లెక్కేసుకుంటున్నారు. ఆ లిమిట్ మీరు దాచుకున్న డబ్బు కాదండీ, బ్యాంకు ఎప్పుడైనా తగ్గించగల అప్పు. వాడుకుని నెలాఖరుకు కట్టలేకపోతే నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ, అంటే ఏడాదికి 40 శాతం పైనే. ఉద్యోగం పోయిన నెలలో అద్దె ఆ కార్డుతో కడితే, వచ్చే నెల ఆ బిల్లు దేంతో కడతారు?

లోన్ లెక్క చూడండి. 2.8 లక్షలకు ఈఎంఐ సుమారు 9,570, మూడేళ్లలో వడ్డీయే 64,000 పైన. మీకు మిగిలే 15,000లో ఇది పోతే చేతిలో ఉండేది ఐదున్నర వేలు. పైగా ఈ హాబీలో ఖర్చు టెలిస్కోప్‌తో ఆగదు, ఫొటో అంచుల్లో నక్షత్రాలు సాగకుండా కోమా కరెక్టర్, గురి తప్పకుండా గైడ్ కెమెరా, అద్దాల మీద మంచు పట్టకుండా హీటర్, బయట వాడుకోవడానికి పవర్ సప్లై అంటూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, సిటీ వెలుతురులో సరిగ్గా రాదని వికారాబాద్ దాకా వెళ్తే పెట్రోలు వేరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు పడితే సామాను మూలన ఉంటుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. అవసరమైతే అమ్మేయొచ్చు అనుకుంటారేమో, తొందరలో అమ్మేవాడికి మంచి ధర ఎవరిస్తారు?

బంగారం సంగతి. రేపు ఆస్పత్రిలో అర్ధరాత్రి అడ్వాన్సు కట్టమంటే మీ ఇంట్లో ఆదుకునేది అదొక్కటే, దాన్ని ఫొటోల కోసం తాకట్టు పెడతారా? ఆవిడను అడిగారా అసలు?

మీకు కావాల్సిన ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలల ఖర్చు, అంటే 3,18,000. మీ దగ్గర ఉన్నది ఒక నెలకు కూడా చాలదు. నెలకు 15,000 చొప్పున పక్కన పెడితే 19 నెలల్లో పూర్తవుతుంది. అయితే అందులోంచే ముందు అమ్మానాన్నల హెల్త్ పాలసీ ప్రీమియం కట్టాలి కాబట్టి ఇంకొన్ని నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ఆ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉండొచ్చు, మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ గడువు తీరడం అంత ఆలస్యమవుతుంది. ప్రపోజల్‌లో షుగర్ సంగతి దాచొద్దు, రేపు క్లెయిమ్ దగ్గర అదే అడ్డం పడుతుంది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి అడగలేదు గానీ అడుగుతారని తెలుసు: అదీ అప్పే.

ఫండ్ నిండాక అదే 15,000ని టెలిస్కోప్ ఖాతాకు మళ్లించండి, ఏడాదిన్నర తర్వాత రొక్కం ఇచ్చి కొనుక్కోవచ్చు. అంతదాకా 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 50 మి.మీ.) చాలు, చీకటి చోట ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం అందులోనూ కనిపిస్తుంది. చేతిలో డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే ట్రైపాడ్ మీద పెట్టి నక్షత్రాల ఫొటోలు తీయడం నేర్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ సంగతి అప్పుడు చూద్దాం.

ఏటా బోనస్ ఎంత వస్తుందో రాయలేదు. వస్తే మొత్తం ఫండ్‌లోనే వేయండి, 19 నెలల లెక్క తగ్గుతుంది.