తోట కోసం అత్యవసర నిధిని కదిలించకండి

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లో నా ఒక్కడి జీతమే ఆధారం. గృహరుణం నడుస్తోంది. ఇంటి వెనక అరెకరం ఖాళీ స్థలం ఉంది. మా ప్రాంతంలో నాలుగు నెలలు మంచు ఉంటుంది, కొన్ని రాత్రులు -28 డిగ్రీల దాకా పడిపోతుంది. యాపిల్, బేరి, చెర్రీ, పీచ్ కలిపి 40 మొక్కలు ఈ వసంతంలోనే నాటాలనుకుంటున్నా. ఐదు నెలల ఖర్చులకు సరిపడా దాచిన అత్యవసర నిధిలో మూడున్నర నెలలది తీస్తాను. మిగతాది మూడేళ్ల వ్యక్తిగత రుణం. రెండో ఏడాది నుంచి పండ్లు అమ్మి వాయిదాలు కట్టొచ్చని లెక్క. రుణం మేలా, క్రెడిట్ కార్డు వాయిదాలు మేలా?

సమాధానం: రెండూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరికి తోట, ఇంకొకరికి కొత్త వంటగది, మరొకరికి కారు. కోరిక ఏదైనా అందరి చెయ్యీ ముందు వెళ్లేది అత్యవసర నిధి మీదకే, అది ఊరికే పడి ఉన్న డబ్బులా కనిపిస్తుంది కాబట్టి. మీ లెక్కే చూడండి. తోటకు తీశాక మిగిలేది నెలన్నర ఖర్చు. కొత్త వాయిదా వచ్చి చేరాక నెల ఖర్చే పెరుగుతుంది, కాబట్టి ఆ మిగిలింది నెలన్నర కూడా రాదు. ఉద్యోగం పోతే గృహరుణం వాయిదా కట్టడానికి యాపిల్ మొక్కలు పీకి అమ్ముతారా?

ఇక మీ అంచనాల సంగతి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఎం 9 లాంటి, చెట్టును పొట్టిగా ఉంచే వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) మీద కట్టిన యాపిల్ అంటు రెండు మూడేళ్లకు నాలుగు కాయలు చూపిస్తుంది. అవీ మొదట్లో పిందెలుగా ఉన్నప్పుడే తుంచేయాలి, లేకపోతే చెట్టు ఎదగదు. పైగా ఎం 9 వేర్లు మీరు చెప్పే చలిని అంతగా తట్టుకోవు. ఆంటొనోవ్కా అనే రష్యన్ యాపిల్ రకం విత్తన మొక్కల మీద కట్టిన అంట్లు తట్టుకుంటాయి కానీ కాపుకు ఇంకా చాలా ఏళ్లు ఆగాలి. తొందరగా కాసేది చలికి ఆగదు, చలికి ఆగేది తొందరగా కాయదు. బేరి అయితే మీ రుణం 36వ వాయిదా తీరే నాటికి పూత కూడా చూపించకపోవచ్చు. బ్యాంకు మాత్రం వచ్చే నెల నుంచే వసూలు మొదలుపెడుతుంది.

అన్నీ కుదిరి చెట్టు నిండా పూత వచ్చిందనుకోండి. ఆ పూత విచ్చుకున్నాక తెల్లవారుజామున అరగంట -2 డిగ్రీలు ఉంటే పదో వంతు పూలు పోతాయి. -4 దగ్గర దాదాపు తొంభై శాతం పోతాయి. ఆ ఏటికి రాబడి అంతే. ఇలాంటి ఆదాయాన్ని నమ్ముకుని నెలవారీ వాయిదాకు సంతకం పెట్టడం నాకు సాహసంలా కూడా అనిపించదు.

మీరు పంపిన ఖర్చుల చిట్టాలో మొక్కలు, డ్రిప్, కంచె మాత్రమే ఉన్నాయి. మంచు కింద ఎలుకలేం చేస్తాయో అందులో లేదు. చలికాలమంతా చెట్టు బాగానే నిలబడి ఉంటుంది. మంచు కరిగాక చూస్తే కాండం అడుగున బెరడు చుట్టూ ఉంగరంలా కొరికేసి, లోపలి తెల్ల కర్ర బయటపడి ఉంటుంది. చుట్టూ పూర్తిగా కొరికితే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ప్రతి మొక్కకూ సన్నకళ్ల ఇనుప వల చుట్టి, అడుగుభాగం మట్టిలోకి దింపి, పైభాగం మంచు మట్టం దాటేలా పెట్టాలి. చలికాలపు ఎండకు బెరడు పగలకుండా కాండానికి తెల్ల రంగు వేయాలి. పొట్టి అంట్లకు బతికినంత కాలం ఊతకర్ర ఉండాలి. చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి కొనాలి. వీటన్నిటినీ 40తో గుణించి చూడండి. ఆ డబ్బు కోసం మళ్లీ అప్పు చేస్తారు, నాకు తెలుసు.

ఇలా చేయండి. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, నెత్తిన గృహరుణం. మీకు ఆరు నెలల నిధి చాలదు, తొమ్మిది నెలలది కావాలి. అందులో గృహరుణం వాయిదా కూడా కలిపి లెక్కేయండి. అది నిండే దాకా తోటకు పైసా వద్దు. టర్మ్ జీవిత బీమా పాలసీ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. లేకపోతే ముందు ఆ పని చూడండి. గృహ బీమా పత్రంలో చెట్ల గురించి రాసిన పేజీ కూడా ఓసారి చదవండి. చలికి చచ్చిన చెట్లకు చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు.

నిధి నిండాక నెలనెలా కొంత రికరింగ్ డిపాజిట్‌లో వేసి, ఏడాదికోసారి వసంతారంభంలో ఆ డబ్బుకు ఎన్ని వస్తే అన్నే నాటండి. నిద్రావస్థలో మట్టి లేకుండా వేళ్లతో అమ్మే మొక్కలు కుండీ మొక్కల కన్నా సాధారణంగా చవక. ఈ ఆలస్యం వృథా కాదు. ఈ ఒక్క చలికాలంలో మీ స్థలంలో మంచు ఎక్కడ ఆలస్యంగా కరుగుతుందో, చల్లగాలి ఏ పల్లంలో నిలుస్తుందో గుర్తు పెట్టుకుంటే ఆ చోట మొక్క పెట్టే ఖర్చు తప్పుతుంది.

మొదటి విడతకు నాలుగు చెట్లు చాలు. యాపిల్‌లో ఒకే రకం రెండు కొనకండి, ఒకే సమయంలో పూసే రెండు వేర్వేరు రకాలు ఉంటేనే కాయ నిలుస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం చలి ప్రాంతాల కోసం 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ అందులో ఒకటి కావచ్చు. త్వరగా పండు చూడాలనే ఆత్రం ఉంటే పక్కనే రాస్ప్‌బెర్రీ వేయండి, రెండో ఏడే కాస్తుంది. పీచ్ మాత్రం జాబితాలోంచి కొట్టేయండి. -25 డిగ్రీల దగ్గరే దాని పూమొగ్గలు చచ్చిపోతాయి, మీ దగ్గర అంతకన్నా కిందకు వెళుతుందని మీరే రాశారు.