బాత్రూమ్ ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం పోవట్లేదు: సమాధానం

డబ్బా మీద 80 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి పోతుందన్న లెక్క) అని ఉన్నా కొలిస్తే 35 కూడా రాలేదు, కొత్త ఇంటి తనిఖీ అక్కడే ఆగింది అన్నారు కదండీ. ఇప్పుడే ఫ్యాన్ మార్చకండి.

ముందు బాత్రూమ్ తలుపు తీసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే ఫ్యాన్‌ది తప్పు కాదు, లోపలికి గాలి వచ్చే దారి లేదు. తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు వదిలితే చాలావరకు సరిపోతుంది.

పెరగకపోతే డక్ట్, అంటే గాలిని బయటికి తీసుకెళ్లే గొట్టం చూడండి. నా అనుమానం దాని మీదే. ముడతల గొట్టాన్ని సాగదీయకుండా వంపులు తిప్పి వదిలేస్తే గాలి సగానికి సగం తగ్గిపోతుంది. నున్నటి లోహపు గొట్టం వేయించి, వంపులు తగ్గించండి. బయటి మూత పూర్తిగా తెరుచుకుంటోందా? పెయింట్ వేసేవాళ్లు దాన్ని అతికించేస్తుంటారు! గొట్టం అటకలోనే ఆగిపోతే అక్కడ బూజు ఖాయం.

ఇంటికి ఎంత గాలి కావాలని మీరు అడిగిన లెక్క: యాష్రే 62.2 (ఇళ్లలో గాలి మార్పిడికి అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన ప్రమాణం) ప్రకారం చదరపు అడుగుకు 0.03 సీఎఫ్‌ఎం, దానికి తోడు పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో హెచ్చించాలి. 1500 చదరపు అడుగులు, మూడు పడకగదులైతే 75. ఇది ఇల్లంతటికీ నిరంతరం కావలసిన గాలి. బాత్రూమ్‌కి అవసరమైనప్పుడు వేసే ఫ్యాన్ అయితే 50, ఎప్పుడూ తిరిగేదైతే 20 చాలు. మీ ఊరి నిబంధన వేరుగా ఉంటే అదే పాటించాలి.