ల్యాబ్‌లో పెంచిన పేగు, వ్యాయామం: మా అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. వెయిట్ లిఫ్టింగ్ చేస్తుంది. ఎంబీబీఎస్ సీటు రాలేదు. ల్యాబ్‌లో పెంచిన పేగుల మీద వ్యాయామం ప్రభావం చూసే పరిశోధన చేస్తానంటోంది. అలాంటి చదువు ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లాలో బరువులెత్తే అమ్మాయికి ఈ ఆసక్తి కలగడం నాకు వింతగా లేదండీ. దీనికి డాక్టరే కానక్కర్లేదు.

పేగు గోడలోని మూలకణాలను (కొత్త కణాలను పుట్టించే కణాలు) జెల్‌లో పెంచితే వచ్చే చిన్న చిన్న ముద్దలే ఆర్గనాయిడ్లు. 2009లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ ల్యాబ్‌లో తొషిరో సాటో ఎలుక పేగు మూలకణాలతో వీటిని పెంచి చూపించారు. మరి ఆ ముద్ద పరుగెత్తదు కదా! అందుకని వ్యాయామానికి ముందు, తర్వాత మనుషుల నుంచి రక్తం తీసి, సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేసి ఆర్గనాయిడ్‌కు అందించవచ్చు. కణాలు ఎలా పెరుగుతున్నాయి, గోడ గట్టిగా ఉందా లేక కారుతోందా అని చూస్తారు. గట్టిగా కసరత్తు చేసేటప్పుడు రక్తం కండరాలకు మళ్లి పేగుకు తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గించి ఆ స్థితినీ కొంతవరకు తేవచ్చు. కానీ మామూలు ఆర్గనాయిడ్‌లో రక్తనాళాలు, నరాలు ఉండవు. అందులో కనిపించింది మనిషిలోనూ జరుగుతుందా అన్నది విడిగా తేల్చాల్సిందే.

ఈ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. వేలకు వేలు గుంజే ఆన్‌లైన్ సర్టిఫికెట్ల జోలికీ పోవద్దు. బయోటెక్నాలజీలోనో బయోకెమిస్ట్రీలోనో మంచి ఎంఎస్సీ చాలు. అందుకు జామ్, గ్యాట్-బి అనే జాతీయ ప్రవేశ పరీక్షలు రాయించండి. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్ కూడా ఉంటాయి. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే.

తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు. ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. పెళ్లి మాట మధ్యలో వస్తుందని తెలుసు, అమ్మాయితో ఇప్పుడే మాట్లాడుకోండి. అంతకాలం వద్దనుకుంటే, సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) చేతికొచ్చినవాళ్లకు హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని టీకా, బయోటెక్ కంపెనీల్లో అవకాశాలుంటాయి.

ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో మీడియా (కణాలకు, సూక్ష్మజీవులకు పోషకాలందించే మిశ్రమం) తయారీ, క్రిములు సోకకుండా పనిచేయడం నేర్చుకోనివ్వండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేయించండి. వెయిట్ లిఫ్టింగ్ మాన్పించవద్దు. ఈ సెలవుల్లో ఇంటర్ లెక్కల పుస్తకం మాత్రం కొనిపెట్టండి.